కుంగని మన్ను

మైనం మరీ కాగితే పువ్వు రంగు వదిలేస్తుంది. మరీ చల్లారితే రేకుల మీద తెల్లగా పేరుకుంటుంది. ఓర్ఫా గిన్నెలో వేలి కొస ముంచి చూసుకుని, చుర్రుమనగానే గులాబీరంగు ముడతల కాగితపు పువ్వును తలకిందులుగా ముంచింది. రెప్పపాటులో పైకి తీసి, కారబోయే బొట్టును గిన్నె అంచుకు రాసి, వసారాలో కట్టిన తీగకు తగిలించింది. తీగ మీద అప్పటికే అరవై దాకా ఉన్నాయి. కాస్త గాలి కదిలితే చాలు, ఒకదానికొకటి తగిలి ఎండుటాకుల్లా గలగలమంటున్నాయి.

పూల ఆదివారం ఇంక ఐదు రోజులే ఉంది. ఆ రోజు ఊళ్ళో మిగిలినవాళ్ళూ, పని వెతుక్కుంటూ కెంటకీ దాటి ఒహాయో వెళ్ళిపోయినవాళ్ళూ అందరూ ఊరి పైనున్న కొండగట్టు ఎక్కి తమవాళ్ళ సమాధుల మీద పూలు పెడతారు. మామూలు పువ్వు మధ్యాహ్నానికే వాడిపోతుంది. మైనపు పువ్వు వానకి తడిసినా నెల్లాళ్ళు ఉంటుంది.

వాగులో కారు దిగిన చప్పుడైంది. ఇక్కడివాళ్ళు వాగును ఒక్క ఊపులో దాటేస్తారు. ఈ కారు ఆగి ఆగి దిగింది. కొత్తవాళ్ళెవరో అనుకుంది ఓర్ఫా. కానీ కారులోంచి ముందు దిగింది ఎస్టిల్ బాబాయి. పక్క లోయలో ఉంటాడు, డెబ్భై దాటాయి, గట్టు మీది సమాధులకి ఆయనే పెద్ద. వెనక దిగిన మనిషి బూట్లకి పట్నపు మెరుపు ఇంకా పోలేదు.

"అమ్మాయ్ ఓర్ఫా, ఈయన ప్రెవిట్ గారు. రాష్ట్రం తరఫు ప్లీడరు. రాజధాని నించి వచ్చారు. పొద్దున్నించీ ఏం తినలేదట. చిక్కుడు గింజలు ఏమన్నా ఉడికించావా?"

"ఉడికించని రోజు ఎప్పుడుంది బాబాయ్ ఈ కొండల్లో?"

ఆమె గిన్నెను పొయ్యి మీంచి పక్కకి జరిపి, గింజల పులుసూ మొక్కజొన్న రొట్టే తెచ్చి పెట్టింది. ప్రెవిట్ ఆకలిగా తిన్నాడు. పళ్ళెం ఊడ్చాక అడిగాడు.

"ఈ పని ఎన్నేళ్ళ నించి చేస్తున్నారమ్మా?"

"పూల పనా?"

"సిన్సినాటీ కంపెనీ పని."

ఎస్టిల్ తీగ మీది పూల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈ మాట ఆమె ముందు ఎవరూ పైకి అనలేదు ఇంతవరకు. పెళ్ళిలో వడ్డించినందుకు ఎవరూ కూలి పుచ్చుకోరు. సమాధి మీద గడ్డి చెక్కినందుకూ అంతే.

"నాలుగేళ్ళు" అంది ఓర్ఫా.

"ఏం చేస్తారు?"

"జాబితా పంపుతారు. ఒహాయోలో ఉన్నవాళ్ళు తమవాళ్ళ సమాధులు చూసుకోమని కంపెనీకి రాసిస్తారు కదా, ఆ సమాధులు. గడ్డి చెక్కుతాను. మన్ను పోసి దిబ్బ సరిచేస్తాను. పూలు పెడతాను. వాళ్ళు పంపిన కెమెరాతో ఫొటో తీసి పంపుతాను."

"ఆ రాసిచ్చిన కాగితం వెనకవైపు ఎప్పుడన్నా చదివారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మంచి సంరక్షణ కోసం అవసరమైతే సమాధుల్ని వేరేచోటికి మార్చే హక్కు కంపెనీదే అని ఉంది. అంటే గట్టు ఖాళీ చేసే హక్కు. గట్టు కింద బొగ్గు ఉంది. యంత్రాలొస్తే కొండ తలకాయ లేపేసి తవ్వుకుపోతారు."

"గట్టు మీద కొలతలకి కర్రమేకులు దిగేశారు చూశావుగా, ఎర్రగుడ్డ పేలికలు కట్టి" అన్నాడు ఎస్టిల్. "మా అన్న కాళ్ళ దగ్గర ఒకటి. ఆయనే బతికుంటే అది దిగేసినవాడి గొంతు మీద కాలేసేవాడు."

ప్రెవిట్ నీళ్ళు తాగి చెప్పాడు. పై రాష్ట్రంలో పుట్టిన కంపెనీ కెంటకీలో వ్యాపారం చెయ్యాలంటే ముందు కెంటకీ అనుమతి తీసుకోవాలి. ఇక్కడ తన తరఫున ఫలానా మనిషి ఉన్నాడని పేరు రాసివ్వాలి. ఈ కంపెనీ రెండూ చెయ్యలేదు. అనుమతి లేనివాళ్ళ కాగితాలు ఇక్కడి కోర్టులో చెల్లవు. అందుకే రాష్ట్రం దావా వేసింది.

"మరింకేం?" అంది ఓర్ఫా.

"మేం కెంటకీలో అడుగే పెట్టలేదంటున్నారు. సిన్సినాటీలో కూర్చుని ఒహాయోవాళ్ళతో రాయించుకున్నాం, అంతే. గట్టు మీద సమాధులు శుభ్రంగా ఉన్నాయంటే అది ఊరి ఆనవాయితీ. ఓర్ఫా సైజ్‌మోర్ అని ఒక మంచావిడ ఉందట, ఆమెకి ఏడాదికోసారి కానుక పంపుతాం. ఇదీ వాళ్ళ జవాబు."

"దయ్యంలాంటి కంపెనీ" అన్నాడు ఎస్టిల్. "సంతకం పెట్టించుకునేటప్పుడు చెయ్యి ఉంటుంది. పట్టుకోబోతే మణికట్టు ఉండదు."

ప్రెవిట్ నవ్వలేదు. "మీకు వాళ్ళు రాసిన ఉత్తరం ఒక్కటి చాలమ్మా. ఫలానాది ఇలా చెయ్యి అని హుకుం ఉన్న ఉత్తరం. ఉందా?"

ఓర్ఫా గిన్నెను మళ్ళీ పొయ్యి మీదకి జరిపి ఒక పువ్వు అందుకుంది.

"ఏడాది పని అయ్యాక జాబితా, ఉత్తరాలు వాళ్ళకే తిప్పి పంపాలని షరతు. పంపేశాను."

"అన్నీనా?"

పువ్వు మైనంలో ఉండిపోయింది. గులాబీరంగు గిన్నెంతా పాకింది.

"అన్నీ."

శుక్రవారం పది గంటలకి కోర్టుకి రమ్మని చెప్పి ప్రెవిట్ వెళ్ళాడు. కారు వాగు దాటిందాకా ఆమె రంగు దిగిపోయిన పువ్వును చేతిలో పట్టుకునే ఉంది. తర్వాత లోపలికి వెళ్ళి ముడతల కాగితాల అట్టపెట్టె తెరిచింది. ఆకులకి వాడే పచ్చ కాగితాల మధ్య ఆ ఉత్తరం ఉంది. తీసి చదవలేదు. ఉందో లేదో చూసి మూత పెట్టేసింది.

బుధవారం, గురువారం ఆమె గట్టు మీదే ఉంది. దోకుడుపారతో తల వైపు నించి కాళ్ళ వైపుకి గడ్డి చెక్కుకుంటూ పోవాలి. వేరు మిగలకూడదు. సమాధి మీద పచ్చదనం కనిపించిందంటే ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదని అర్థం. చెక్కాక పొదకొమ్మల చీపురుతో ఊడ్చి, పసుపుపచ్చ మన్ను తట్టలో మోసుకొచ్చి పొయ్యాలి. ఒకసారి తవ్విన నేల ఎన్నేళ్ళయినా ఊరుకోదు. వానలకి ఏటా కాస్త కుంగుతుంది. ఏటా కాస్త పొయ్యాలి. మనిషి పొడుగున, మధ్యలో ఎత్తుగా, పడుకున్నవాళ్ళకి దుప్పటి కప్పినట్టు.

వాళ్ళమ్మ దిబ్బకి ఈ ఏడు తట్టన్నర పట్టింది. ఎస్టిల్ బాబాయి అన్నకి రెండు తట్టలు. ఎర్రపేలిక కట్టిన మేకు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఓర్ఫా పారను దానికి తగలకుండా పక్కకి తిప్పింది.

గట్టు నడిమధ్య, ఎండ చక్కగా పడే చోట, మూరెడు పొడుగు దిబ్బ ఒకటి ఉంది. దాని దగ్గరికి ఆమె గురువారం సాయంత్రం వెళ్ళింది. దానికి తట్ట అవసరం లేదు. మూడేళ్ళ కిందట ఎంత ఎత్తుందో ఇప్పుడూ అంతే ఉంది. చుట్టూ ఉన్న సమాధులన్నీ కుంగుతున్నాయి. అది ఒక్కటే కుంగదు.

జాబితాలో నలభై మూడో నంబరు. ఐవా నాపియర్, తొమ్మిది రోజుల పాప. ఆ ఏడు ఓర్ఫా నాలుగు రోజులు వెతికింది. రాళ్ళన్నీ తిరగేసింది. గట్టు పడమటి చివర పిల్లల మూలలో ముళ్ళకంప నడుము దాకా పెరిగి ఉంది. దాని అంచులో నిలబడి లోపలికి చూసింది. దిగలేదు. కనపడలేదని కంపెనీకి రాసింది. వారంలో జవాబు వచ్చింది. ఆ జవాబు చేతిలో పట్టుకుని గట్టంతా తిరిగి, ఎక్కడైతే ఫొటో బాగా వస్తుందో అక్కడ పచ్చికలో మన్ను పోసింది. జారకుండా పార వీపుతో కొట్టి గట్టిపరిచింది. మూడు తెల్లపూలు పెట్టింది. కెమెరా కన్నంలోంచి చూస్తే అది అచ్చంగా సమాధిలా ఉంది. కెమెరా దించి చూసినా అలాగే ఉంది.

ఆ నెలే పాప తల్లి లూడీ నాపియర్ ఒహాయోలోని డేటన్ నించి వచ్చి ఆ దిబ్బ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మన్ను మీద చెంప ఆనించి, చాలాసేపు లేవలేదు.

శుక్రవారం కోర్టు వరండాలో బెంచీ మీద లూడీయే కూర్చుని ఉంది. ఎస్టిల్ అన్న కూతురు ఆమె. యాభై నాలుగేళ్ళుంటాయి. రాత్రి బస్సులో వచ్చినట్టుంది, మడతలు పడ్డ నీలం గౌను మీదకి ఆదివారం టోపీ పెట్టుకుంది. రాష్ట్రం దావాకి ముందు ఫిర్యాదు మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆమె ఒకతె.

"రావే, ఇలా కూర్చో" అని జరిగింది. "చిక్కిపోయావేం? ఊళ్ళో చచ్చినవాళ్ళందరికీ చాకిరీ చేస్తున్నావు, బతికున్నదానివి నీకు నువ్వు ఇంత వండుకోవేం?"

"తింటున్నాను అక్కా."

"నా వంటింట్లో పొయ్యి పైన పెట్టుకున్నానే నువ్వు పంపిన ఫొటో. పొద్దున లేచి కాఫీ పెట్టుకునేటప్పుడు దానికి చెప్పాకే మా ఆయన హోబర్ట్‌కి గుడ్ మార్నింగ్. ఆయనకి కుళ్ళు కూడా."

ఆమె చేతిసంచి తెరిచి జేబురుమాలు మూట తీసింది. విప్పి చూపించింది. తెల్లగాజు గొర్రెపిల్ల, అరచేతిలో సగం ఉంటుంది. పడుకుని తల వెనక్కి తిప్పి చూస్తున్నట్టు ఉంది.

"ఆదివారం తల దగ్గర పెడదామని. బస్సులో ఒళ్ళో పెట్టుకునే వచ్చాను. పగుల్తుందని నిద్ర కూడా పోలేదు. అక్కడ పెడితే దొర్లిపోదు కదే?"

ఓర్ఫా కోటు జేబులో పచ్చ కాగితం ఉంది. అందులో ఉత్తరం ఉంది. పొద్దున వాకిలి దాటేటప్పుడు తీసుకుంది. దేనికి తీసుకుందో అప్పటికి ఆమెకే తెలియదు.

"లూడీ అక్కా" అంది.

"ఊఁ."

"ఆ దిబ్బ..."

"ఏం, వానకి కోసుకుపోయిందా?"

"లేదు. అది అలాగే ఉంది."

"నీ చెయ్యి మంచిదే" అని లూడీ ఆమె మోకాలి మీద తట్టింది. లోపల్నించి ఓర్ఫా పేరు పిలిచారు.

బోనులో నిలబడి ఆమె ప్రెవిట్ అడిగినవాటికి జవాబు చెప్పింది. చెక్కడం, మన్ను పొయ్యడం, పూలు, ఫొటో. ఏటా కంపెనీ నించి మనియార్డరు వచ్చేదని చెప్పినప్పుడు వెనక బెంచీల్లో గుసగుస లేచింది. ఎవరో ముసలావిడ "అయ్యయ్యో, సమాధులకా డబ్బులు!" అంది. జడ్జి కళ్ళద్దాల పైనించి చూశాక సద్దుమణిగింది.

కంపెనీ ప్లీడరు లేచాడు. పెద్ద వయసు, మెత్తని గొంతు. ఓర్ఫాకి అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

"మీ అమ్మగారి సమాధి కూడా ఆ గట్టు మీదే కదమ్మా?"

"అవునండి."

"దాని మీద గడ్డి చెక్కమని మీకు ఎవరన్నా హుకుం ఇచ్చారా?"

"ఎవరిస్తారండి?"

"దాని పక్కది?"

"అది ఎస్టిల్ బాబాయి వాళ్ళ అన్నది."

"అది చెక్కమని?"

"పక్కది వదిలేసి మనదొక్కటే ఎవరు చెక్కుకుంటారండి?"

గదిలో నవ్వారు. ప్లీడరు కూడా నవ్వి జడ్జి వైపు తిరిగాడు. "నేను మనవి చేసేది ఇదే. ఇది వీళ్ళ మంచితనం. దీనికి వ్యాపారమని పేరు పెడితే అవమానం మాకు కాదు, వీళ్ళకి. మేం పంపింది కానుక. కెమెరా కానుక. మా కంపెనీ ఈవిడకి ఏనాడూ ఒక పని చెప్పలేదు." మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "ఆ గట్టు మీద మీ చెయ్యి పడ్డ ప్రతిచోటా, మీరు చేసిన ప్రతి పనీ, మీ మనసు చెబితేనే చేశారు. అవునా అమ్మా?"

ఎవరూ ఆమె గురించి ఇంత మంచి మాట అనలేదు ఎప్పుడూ. వెనక బెంచీల వాళ్ళు కూడా ఆమె అవుననాలనే చూస్తున్నారు. అవునంటే మనియార్డరు కానుకైపోతుంది. ఉత్తరం పచ్చ కాగితంలోనే ఉండిపోతుంది. వేసవిలో యంత్రాలొచ్చి గట్టు తవ్వినా, ముప్పై ఏళ్ళ కిందటి తొమ్మిది రోజుల పాప దగ్గర ఏం మిగులుతుంది? ఏమీ లేకపోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

మూడో వరసలో లూడీ ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది, లోపలిది నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

"ప్రతిదీ కాదండి" అంది ఓర్ఫా. "ఒకటి నా మనసు చెప్పలేదు."

పచ్చ కాగితం విప్పడానికి చాలాసేపు పట్టింది. ప్రెవిట్ లేచి నిలబడ్డాడు, కానీ దగ్గరికి రాలేదు. కోర్టు గుమాస్తా ఉత్తరం అందుకుని, కంపెనీ పేరూ తేదీ చదివి, అదే గొంతుతో మిగతాదీ చదివాడు.

"మీరు నలభై మూడో నంబరు, ఐవా నాపియర్, తొమ్మిది రోజుల పాప, సమాధి కనపడలేదని రాశారు. కంపెనీ పుస్తకంలో ఉన్న సమాధి గట్టు మీద లేకపోవడానికి వీల్లేదు. అనువైన చోటు చూసి, కొలత ప్రకారం మన్ను పోసి, పూలు పెట్టి, ఫొటో పంపవలసింది. ఇది పదిహేనో తేదీ లోపల జరగాలి."

గుమాస్తా కాగితం దించాడు.

"చేశావా?" అన్నాడు జడ్జి.

"చేశానండి. చోటు మాత్రం నేనే చూశాను. ఎండ బాగా పడుతుందని."

"దాని కింద?"

"కింద ఏం లేదండి."

లూడీ లేచింది. సంచి గొలుసు బెంచీకి తగిలి టంగుమంది. ఎవరివైపూ చూడకుండా, ఎవరి కాళ్ళూ తొక్కకుండా, జాగ్రత్తగా వరస దాటి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగినదంతా ఓర్ఫాకి దూరం నించి విన్నట్టు ఉంది. ఉత్తరం రాసిన గుమాస్తా ఇప్పుడు తమ దగ్గర లేడని కంపెనీ ప్లీడరు అన్నాడు. అనుమతి లేకుండా వ్యాపారం చేసినట్టు రుజువైందనీ, ఇకమీదట గట్టు మీద కంపెనీ పని ఏదీ జరగకూడదనీ, మేకులు పీకేయాలనీ జడ్జి అన్నాడు. మెట్లు దిగేటప్పుడు ప్రెవిట్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఇంక వాళ్ళు రారు కదండీ?" అని అడిగింది.

"అనుమతికి అర్జీ పెట్టుకుని రావచ్చమ్మా. కానీ అప్పుడు ఏం చెయ్యడానికి వస్తున్నారో, ఇక్కడ ఎవరు జవాబుదారో పేరుతో సహా రాయాలి. పేరు లేకుండా మాత్రం రాలేరు."

శనివారం పొద్దున్నే ఆమె పార భుజాన వేసుకుని గట్టెక్కింది. ఎవరూ రాకముందే ఆ దిబ్బను చదును చేసెయ్యాలి. కంచె దగ్గర ఎస్టిల్ బాబాయి మేకులన్నీ కట్టగా కట్టి పెట్టుకుని ఉన్నాడు. పేలికలు ఇంకా వాటికే ఉన్నాయి.

"చిక్కుడు తీగలకి పనికొస్తాయి" అన్నాడు. "మంచి కర్ర. మనియార్డరు సంగతి మాత్రం నాకు నచ్చలేదమ్మాయ్. చెప్పేశాను, ఇంక అనను." కట్ట ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగాడు. "పైన లూడీ ఉంది. తెల్లారకముందే ఎక్కింది."

లూడీ దిబ్బ పక్కన నేల మీద కూర్చుని ఉంది. టోపీ లేదు. కాళ్ళకి చెప్పులూ లేవు.

"వచ్చావా" అంది తల తిప్పకుండా. "మూడేళ్ళు ముద్దులు పెట్టుకున్నానే ఈ మట్టిని."

ఓర్ఫా భుజం మీది పార దించింది.

"నోరు లేదా? నిన్న బోనులో బానే ఉందిగా."

"బెంచీ మీదే చెబుదామనుకున్నాను అక్కా."

"అనుకున్నావు. అనుకోవడానికేం, నేనూ ముప్పై ఏళ్ళు అనుకున్నాను." లూడీ అరచేత్తో దిబ్బ మీద ఒక బెడ్డను నలిపింది. "నేను చూడలేదే."

"ఏం చూడలేదు?"

"దాన్ని ఎక్కడ పెట్టారో. ఫిబ్రవరి. మంచు. పురుడై తొమ్మిది రోజులు. మా మామగారు పెట్టెను చంకలో పెట్టుకుని ముందు నడుస్తున్నారు, రొట్టెల పెట్టె మోస్తున్నట్టు. సగం గట్టు ఎక్కి కూలబడ్డాను. ఎవరో నన్ను కిందకి దింపేశారు. పైకి వచ్చింది ఎవరో, ఎటు నడిచారో నాకు తెలీదు. మంచు కరిగాక వెళ్ళి చూద్దామనుకున్నాను. నాకు తెలుసనే అనుకున్నారంతా. కన్నతల్లికి తెలీదని ఎవరనుకుంటారు? అడగడానికి సిగ్గేసింది. ఏడాది దాటాక ఇంకా సిగ్గేసింది. పదేళ్ళు దాటాక ఇంకెలా అడగను?"

"హోబర్ట్ బావకి?"

"ఆయన అప్పుడు గనుల్లో, వర్జీనియాలో. వచ్చేసరికి గడ్డి మొలిచింది. ఇదిగో ఇక్కడ అని ఏదో చూపించాను." ఆమె ముక్కు చీది గౌను అంచుకు తుడుచుకుంది. "ఎస్టిల్ బాబాయి కాలు విరిగి మంచంలో ఉన్నాడా ఏడు. మామగారు వసంతానికే పోయారు. అందుకే రాసిచ్చానే ఆ కంపెనీకి. గడ్డి చెక్కుతారని కాదు. పెద్ద కంపెనీ కదా, పుస్తకాలుంటాయి, వెతికి పట్టుకుంటారు, నాకు చూపిస్తారని. ఫొటో వచ్చింది. ఓహో, ఇక్కడన్నమాట అనుకున్నాను. ఎంత హాయిగా ఏడ్చానో."

ఓర్ఫా పార ఆనుకుని మెల్లిగా కూర్చుంది. ఇద్దరి మధ్యా దిబ్బ ఉంది, మూడేళ్ళ కిందట పోసినట్టే.

"పిల్లల మూల చూడలేదు అక్కా నేను" అంది చివరికి. "ముళ్ళు ఉన్నాయని దిగలేదు. అందరినీ అటే పెట్టేవాళ్ళట అప్పట్లో. దిగి ఉంటే..."

లూడీ ఆమె వైపు మొదటిసారి తిరిగి చూసింది. ఆ చూపులో జాలి లేదు.

"నిన్ను క్షమించాననుకునేవు. ఏం లేదు. లే. చెప్పులు విప్పు."

ముళ్ళకంప కొట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కొట్టిన కంపను ఓర్ఫా ఈడ్చి కంచె అవతల పారేసింది. కంప కింద నల్లటి ఆకుతీగ చాపలా పరుచుకుని ఉంది. దాన్ని వేళ్ళతో సహా చెక్కేశాక నేల బయటపడింది. రాయి లేదు, గుర్తు లేదు. ముంజేతుల మీద గీతలు పడి నెత్తురు చిమ్మింది. ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.

అప్పుడు లూడీ నేల అంచున నిలబడి మడమతో నొక్కింది. గట్టిగా ఉంది. అడుగు జరిపి మళ్ళీ నొక్కింది. ఓర్ఫా రెండో అంచు నించి మొదలుపెట్టింది. తవ్వని నేల మడమను వెనక్కి తోస్తుంది. తవ్విన నేల కాస్త లోపలికి లాక్కుంటుంది. పాతకాలపు ఆడవాళ్ళు అలాగే ఒట్టి కాళ్ళతో వెతికేవాళ్ళు.

"ఇక్కడ" అంది లూడీ.

ఓర్ఫా పరుగున వచ్చి పక్కన మడమ పెట్టింది. నిజమే. రెండు జానల పొడుగున, తల పడమరకి, కాళ్ళు తూర్పుకి.

"ఇదే" అంది లూడీ.

కానీ ఓర్ఫా నిలబడ్డచోట, మూరెడు అవతల, రెండో కాలు కూడా దిగుతోంది. "అక్కా, ఇక్కడా ఉంది."

సాయంత్రానికి అలాంటివి ఆరు దొరికాయి. అన్నీ చిన్నవే. ఒకటి మరీ చిన్నది. జాబితాలో ఒక్కటీ లేదు. ఎవరి పుస్తకంలోనూ లేదు. లూడీ ఒక్కోదాని దగ్గరా ఆగి నిలబడింది, తలుపు కొట్టి లోపల్నించి జవాబు వస్తుందేమోనని నిలబడ్డట్టు. ఏది తనదో తెలియలేదు.

"మన్ను తేవాలి" అంది ఓర్ఫా.

"కొండ దిగక్కర్లేదు" అంది లూడీ. గట్టు మధ్యకి నడిచి ఆ దిబ్బలోకి రెండు చేతులూ దింపింది. పారతో కొట్టి గట్టిపరిచిన మన్ను మొదట రాలేదు. ఓర్ఫా పార వేసి వదులు చేసింది. తట్టలో కొంత, గౌను ఒడిలో కొంత, ఇద్దరూ మోశారు. ఆరింటికీ తలా ఇంత పోసేసరికి అక్కడ దిబ్బ లేదు. చదునుగా, మిగతా గట్టు లాగే ఉంది. ఓర్ఫా ఇంటికి దిగి మైనపు పూలు తెచ్చి ఆరింటి మీదా పెట్టింది. లూడీ గాజు గొర్రెపిల్లను మూట విప్పి పట్టుకుని ఆరింటి మధ్యా నడిచింది, మళ్ళీ నడిచింది. ఎక్కడా పెట్టలేదు. మూట కట్టేసింది.

ఆ రాత్రి వాన కురిసింది.

ఆదివారం పొద్దున జనం ఇంకా కిందనే ఉన్నారు. పళ్ళేలు, బుట్టలు, ఎండు ఆపిల్ పళ్ళ పొరల కేకులు బండ్లలోంచి దించుతున్నారు. పిల్లల అరుపులు పైదాకా వస్తున్నాయి. ఓర్ఫా ముందుగా వచ్చి పిల్లల మూలలో వంగి చూస్తోంది. వెనక లూడీ అడుగుల చప్పుడు ఆగింది. దగ్గరికి రాలేదు. అక్కడ్నించే అడిగింది.

"కుంగాయా?"

ఓర్ఫా ఒక్కో దిబ్బ మీదా చెయ్యి పెట్టి చూసింది. ఒక్కోటీ వేలి మందాన లోపలికి దిగి ఉంది. మైనపు పూల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"కుంగాయి అక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

లూడీ వచ్చి, గొర్రెపిల్లను వాటి నడుమ, మధ్యనున్న ఖాళీ నేల మీద పెట్టి, దొర్లిపోకుండా చుట్టూ మన్ను ఎగదోసింది.